మార్కెటింగ్ పుస్తకాల్లోని "మూడు దశలు" మన పాత పత్రికల ముందు నిలబడతాయా?

ఎంబీయే_పాఠాలు అడిగిన ప్రశ్న

ఎంబీయే మొదటి సెమిస్టర్ మార్కెటింగ్ పుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో ఒకటే పటం. 1930ల దాకా ఉత్పత్తి దశ: సరుకు తయారైతే చాలు, దానంతట అదే అమ్ముడుపోయేది. 1930 నుంచి 1950 దాకా అమ్మకాల దశ: సరుకు పేరుకుపోయింది కాబట్టి బలవంతాన అంటగట్టేవారు. 1950 తర్వాత మార్కెటింగ్ దశ: కొనేవాడికి ఏం కావాలో ముందు తెలుసుకుని తర్వాత తయారు చేయడం మొదలైంది.

పిల్లలు దీన్ని బట్టీపట్టి పరీక్షలో రాసేస్తున్నారు. కానీ అమృతాంజనం 1893 నాటిది. 1910, 20ల తెలుగు పత్రికలు తిరగేస్తే తలనూనెలు, లేహ్యాలు, సబ్బుల ప్రకటనలే. సరుకు దానంతట అది అమ్ముడుపోయే రోజులైతే ఇన్ని ప్రకటనలు ఎందుకు వేసుకున్నట్టు?

మూడు విషయాలు చెప్పగలరా? ఒకటి, ఈ పటం ఎక్కడి నుంచి వచ్చింది, వ్యాపార చరిత్రకారులు దీన్ని ఒప్పుకుంటున్నారా. రెండు, మన ప్రాంతపు ఉదాహరణలతో పాఠం చెప్పాలంటే ఏవి గట్టిగా నిలుస్తాయి. మూడు, 24 మంది పిల్లలతో పాత పత్రికల మీద ఒక చిన్న ప్రాజెక్టు చేయించాలంటే ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ దెబ్బతింటాం.

చిట్టా_ఆవర్జా రాసిన జవాబు

మీ అనుమానం సరైనదే. ఆ పటం ఒకే ఒక్క కంపెనీ కథ. పిల్స్‌బరీ అని అమెరికాలో గోధుమపిండి కంపెనీ ఉండేది, 1869లో మినియాపొలిస్‌లో మొదలైంది. ఆ కంపెనీ ఉన్నతోద్యోగి రాబర్ట్ కీత్ 1960లో ఒక వ్యాసం రాశాడు. మా కంపెనీ మొదట పిండి ఆడించడమే పని అనుకుంది, తర్వాత అమ్మడమే పని అనుకుంది, ఇప్పుడు గృహిణికి ఏం కావాలో చూస్తోంది అన్నది దాని సారాంశం. ఆయన చెప్పింది తమ కంపెనీ సంగతి, అదీ లోపలి మనిషిగా. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు దాన్ని తీసుకెళ్లి అమెరికా మొత్తానికి, ఆపైన ప్రపంచం మొత్తానికి అంటించారు. కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న గొప్ప అలా చరిత్ర అయిపోయింది. పాఠం చెప్పేటప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

1988లో రోనాల్డ్ ఫుల్లర్టన్ దీన్ని గట్టిగా ఖండించాడు. ఉత్పత్తి దశ అని పేరు పెట్టిన కాలంలోనే బ్రిటన్, జర్మనీ, అమెరికాల్లో గిరాకీ పుట్టించడానికి వ్యాపారులు ఎంత తంటాలు పడ్డారో చూపించాడు. మీ క్లాసుకు రెండు ఉదాహరణలు చాలు.

జోసయా వెడ్జ్‌వుడ్, ఇంగ్లండులో పింగాణీ తయారీదారు. రష్యా రాణి కేథరిన్ కోసం 50 మందికి సరిపడే భోజనాల సెట్టు, 952 వస్తువులు, తయారు చేశాడు. 1774లో దాన్ని ఓడ ఎక్కించకముందు లండన్ గ్రీక్ స్ట్రీట్‌లోని తన షోరూంలో పెట్టి జనానికి చూపించాడు. రాణి వాడే సరుకు అని పేరు పడితే మధ్యతరగతి వెంటబడి కొంటుందని అతనికి తెలుసు. ఇది పటంలోని మార్కెటింగ్ దశకు పావుతక్కువ రెండు శతాబ్దాల ముందు మాట. రెండోది సింగర్ కుట్టుమిషన్. 1856లోనే వాయిదాల పద్ధతి పెట్టింది. మిషన్ ధర ఒక్కసారిగా కట్టలేని కుటుంబమే తన ఖాతాదారని గుర్తించకుండా ఆ పద్ధతి పుట్టదు.

పటం రెండో కొస కూడా తెగిపోతుంది. మార్కెట్ పరిశోధన 1911లో కర్టిస్ పబ్లిషింగ్ కంపెనీలో చార్లెస్ పార్లిన్‌తో ఒక విభాగంగా మొదలైంది. ఒక్కో బ్రాండుకు ఒక్కో మేనేజరు ఉండాలని ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో నీల్ మెకల్‌రాయ్ నోట్ రాసింది 1931లో. రెండూ 1950కి ముందువే.

అయితే దీన్ని తిరగేసి "అన్నీ ఎప్పుడూ ఉన్నవే, మారిందేమీ లేదు" అని చెప్పడం కూడా తప్పే. దశ అనేది కాలానిది కాదు, సరుకుది. ఆ సరుకు మీద ఉన్న చట్టానిది. మన దేశాన్నే తీసుకోండి. 1951 పరిశ్రమల చట్టంతో లైసెన్సులు వచ్చాయి. ఫ్యాక్టరీ ఎన్ని తయారు చేయాలో ప్రభుత్వం చెప్పేది. స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. అలాంటి చోట ప్రకటన ఎవరికి కావాలి? అదే ఏళ్లలో సబ్బులు, టీ, టూత్‌పేస్టు కంపెనీలు రేడియో సిలోన్ నుంచి సినిమా స్లైడు దాకా వదలకుండా పోటీపడ్డాయి. ఒకే దేశం, ఒకే సంవత్సరం, రెండు దశలు.

సిమెంటు ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ధర, పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉన్నన్నాళ్లూ బస్తా దొరకడమే గొప్ప. 1982 ఫిబ్రవరిలో కొంత, 1989 మార్చిలో పూర్తిగా కంట్రోల్ ఎత్తేశారు. పల్లెటూరి గోడలకు సిమెంటు పేర్లు ఎక్కడం, తాపీమేస్త్రీలతో మీటింగులు పెట్టడం, డీలరుకు స్కీములు ఇవ్వడం ఇవన్నీ ఆ వరసలో వచ్చాయి. మేనేజర్ల బుర్రలు రాత్రికి రాత్రే మారాయనుకోవద్దు, మారింది కంట్రోల్ ఉత్తర్వు. సిమెంటు ఫ్యాక్టరీలున్న మేళ్లచెర్వు, మట్టపల్లి వైపు పిల్లలు మీ క్లాసులో ఉంటే ఈ ఉదాహరణ వాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

ఇంకొక్క మాట. మార్కెటింగ్, వ్యాపార చరిత్ర మొదట్లో ఇంత దూరంగా లేవు. 1902లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో తొలి మార్కెటింగ్ కోర్సుల్లో ఒకటి చెప్పిన ఎడ్వర్డ్ జోన్స్, చరిత్ర పద్ధతిలో అర్థశాస్త్రం నేర్చిన తరం మనిషి. తర్వాత మార్కెటింగ్ మనస్తత్వశాస్త్రం వైపు, గణితం వైపు వెళ్లింది. వ్యాపార చరిత్ర కంపెనీ యాజమాన్యాల రికార్డుల వైపు వెళ్లింది. 1983లో స్టాన్లీ హోలాండర్ మిషిగన్ స్టేట్‌లో సదస్సు పెట్టాకే మళ్లీ ఒక బల్ల దగ్గరికి వచ్చాయి. ఆ మధ్యకాలంలో చరిత్రకారుల చేయి పడని పుస్తకాల్లోనే ఈ పటం పాతుకుపోయింది.

పాతపత్రికల_పెట్టె రాసిన జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ మన ప్రాంతపు సంగతి చెబుతాను.

అమృతాంజనం మంచి ఉదాహరణే, కానీ అందులో ఒక గోతి ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆంధ్రపత్రిక వారపత్రికగా 1908లో అక్కడే వచ్చింది. 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక. వరస గమనించండి: ముందు మందు, పదిహేనేళ్లకు పత్రిక. మందు సంపాదన పత్రికను పోషించింది. కాబట్టి "పత్రిక పెట్టి మందు అమ్ముకున్నారు" అని పిల్లలు రాస్తే తప్పు అని దిద్దండి. ఆ పదిహేనేళ్లు మందు వేరే దారుల్లో నిలదొక్కుకుంది. సంగీత కచేరీల్లో ఉచితంగా సీసాలు పంచారన్నది అందరూ చెప్పే మాట.

గోతి ఏమిటంటే, ఆంధ్రపత్రికలో అమృతాంజనం ప్రకటన ఎంత పెద్దదైనా అది కొన్న జాగా కాదు. పత్రిక, మందు ఒకే యజమానివి. దాని కొలతను బట్టి ప్రకటన ఖర్చు అంచనా వేస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. మద్రాసులో కేసరి కుటీరం లోధ్ర విషయమూ అంతే. కె.ఎన్.కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. లోధ్ర స్త్రీల మందు, గృహలక్ష్మి స్త్రీల పత్రిక. ఎవరికి అమ్మాలో ఇంత తేటగా తెలిసిన వ్యాపారిని ఉత్పత్తి దశలో పడేయడం అన్యాయం. కానీ ఖర్చు లెక్కకు మాత్రం గృహలక్ష్మి పనికిరాదు. ఇలాంటి సరుకుల ప్రకటనను ఇతరుల పత్రికల్లో కొలవాలి: మచిలీపట్నం కృష్ణాపత్రిక (1902 నుంచి), నెల్లూరు జమీన్ రైతు (1930 నుంచి), హైదరాబాదు గోలకొండ పత్రిక (1926 నుంచి).

హైదరాబాదు వైపు జిందా తిలిస్మాత్ (1920) ఉంది. తెలుగు పత్రికలు మాత్రమే చూస్తే ఆ ప్రాంతపు వ్యాపారం సగం కనబడదు. ఉర్దూ చదవగలిగిన పిల్లలు ఇద్దరున్నా వాళ్లకు అది అప్పగించండి.

ఇక ప్రాజెక్టు. మూడు సంవత్సరాలు ఎంచుకోండి, ఉదాహరణకు 1914, 1924, 1934. ఏడాదికి 12 సంచికలు, నెలకొకటి. దినపత్రికైతే వారం మారుస్తూ వెళ్లాలి: జనవరిలో సోమవారం, ఫిబ్రవరిలో మంగళవారం, అలా. ఎప్పుడూ ఆదివారమే తీస్తే ప్రకటనలు ఎక్కువగా కనబడే ప్రమాదం ఉంది. ఉగాది, దసరా ప్రత్యేక సంచికలను ఈ లెక్కలో కలపకండి, వాటికి వేరే పట్టిక వేయండి. మొత్తం 36 సంచికలు. సంచికకు 8 పేజీలు అనుకుంటే 288 పేజీలు, 24 మందికి తలా 12. ఒక్క వారంలో అయిపోతుంది.

కొలత అంగుళాల్లో తీసుకోకండి. స్కాన్ చేసిన పేజీ తెరమీద ఎంత కావాలంటే అంత అవుతుంది. పేజీలో ఎన్ని కాలమ్‌లు, కాలమ్ పొడవులో ప్రకటన ఎన్నో వంతు అన్నది రాయాలి. 8 కాలమ్‌ల పేజీలో 2 కాలమ్‌ల వెడల్పు, పావు కాలమ్ ఎత్తు ఉంటే అది పేజీలో పదహారో వంతు. ఇలా రాస్తే ఏ పత్రికనైనా పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు.

కొలతకన్నా మాటలు ఎక్కువ చెబుతాయి. ఆ కాలపు మందుల ప్రకటనల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే మాటలను పిల్లలచేత చదివించండి.

"ఏజెంట్లు కావలెను" అని ఉంటే ఆ జిల్లాల్లో సరుకు ఇంకా దుకాణానికి చేరలేదని అర్థం. "వి.పి. ఖర్చులు ప్రత్యేకం" అంటే తపాలాలో తెప్పించుకోవాలి, పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి పొట్లం తీసుకోవాలి. ఈ వి.పి. పద్ధతి మన తపాలా శాఖలో 1877లో, పోస్టు కార్డు 1879లో, మనియార్డరు 1880లో వచ్చాయి. ఊళ్లో దుకాణమే లేని మందు బొంబాయి నుంచి పల్లెకు చేరిందంటే దారి ఈ మూడే వేశాయి. కార్డు మీద ఆర్డరు, పొట్లం వి.పి.లో, డబ్బు వెనక్కి మనియార్డరుగా. "అన్ని షాపులలో దొరుకును" అన్న మాట మొదటిసారి ఎప్పుడు కనబడిందో పట్టుకోండి. పంపిణీ కుదురుకున్న ఏడాది దాదాపు అదే. "డజను ధర" ఇచ్చారంటే ఆ ప్రకటన రోగికి కాదు, దుకాణదారుకు. "నకిలీలు చూచి మోసపోకుడు" అని పడ్డాక గిరాకీ గురించి వేరే సాక్ష్యం అక్కర్లేదు, గిరాకీ లేని సరుకుకు నకిలీ ఎవడూ కట్టడు.

ఒకే సరుకుకు ఈ మాటలు ఏ వరసలో మారాయో 1914, 1924, 1934ల్లో పక్కపక్కన పెడితే, పుస్తకంలోని పటంకన్నా నిజమైన పటం మీ పిల్లలే గీస్తారు.

దెబ్బతినే చోట్లు ఇవి:

ఒకే బ్లాకు (ప్రకటన అచ్చు దిమ్మె) ఏళ్ల తరబడి మారకుండా పడుతుంది. అది సరుకు బాగా పోతోందనడానికి గుర్తు కాదు, ఏడాది కాంట్రాక్టు కావచ్చు, కొత్త బ్లాకు చేయించే ఖర్చుకు వెనకాడి ఉండొచ్చు. బ్లాకు మారిన తేదీనే లెక్కలోకి తీసుకోండి.

ధరలు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, అంటే 12 పైలు. 10 అణాలు అంటే ఇప్పటి లెక్కలో 62.5 పైసలు, 10 పైసలు కాదు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు. నిజాం రాజ్యంలో చెలామణీ అయిన హాలీ సిక్కా నాణెం వేరు: 7 హాలీ రూపాయలకు 6 కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలు. గోలకొండ పత్రికలో 14 అణాల సీసా, మద్రాసు పత్రికలో 12 అణాల సీసా కనబడితే హైదరాబాదులో ఎక్కువకు అమ్మారని రాసేస్తారు. రెండూ ఒకటే ధర. ఇది తప్పకుండా జరిగే పొరపాటు, ముందే బోర్డు మీద రాసి పెట్టండి.

తేదీలు. ఉగాది సంచికల మీద సంవత్సరం పేరే ఉంటే 60 ఏళ్లు అటూ ఇటూ పడే ప్రమాదం ఉంది. ఆనంద 1914-15 కావచ్చు, 1974-75 కావచ్చు. హైదరాబాదు కాగితాల మీద ఫసలీ (నిజాం రాజ్యపు అధికారిక సంవత్సరం) ఉంటే 590 కలపండి, జనవరి నుంచి 591. ఫసలీ 1336 అంటే 1926 అక్టోబరులో మొదలైన సంవత్సరం.

పాత ధర ఇప్పటి రూపాయల్లో ఎంత అని లెక్కలు కట్టించకండి, ఏమీ తేలదు. అదే సంచికలో బజారు ధరల కాలమ్ ఉంటే, ఆ సీసా డబ్బుకు ఎన్ని శేర్ల బియ్యం వచ్చేవో చూడమనండి.

పత్రికలు ఎక్కడ దొరుకుతాయంటే, వేటపాలెం సారస్వత నికేతనం (1918), రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం (1901). ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసినవీ ఉన్నాయి. అసలు కాగితం చూస్తే ఫ్లాష్ వేయొద్దు, బైండింగ్‌ను ఒత్తి తెరవొద్దు, మడత దగ్గర కాగితం విరుగుతుంది. ముందు పేజీ మొత్తం ఫొటో, పైన పత్రిక పేరు, తేదీ కనబడేలా. తర్వాతే ప్రకటన దగ్గరగా. ఈ వరస తప్పితే ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ రోజుదో తెలియక పనంతా వృథా.

ఎంబీయే_పాఠాలు

ఇద్దరికీ నమస్కారాలండీ. హాలీ సిక్కా సంగతి తట్టేదే కాదు. ఇంకొక్కటి. పిల్లలు మొదట వెళ్లేది కంపెనీ వెబ్‌సైట్‌లోని "మా చరిత్ర" పేజీకే. లేబుల్ మీద ఫలానా సంవత్సరం నుంచి అని ఉంటుంది. దాన్ని నమ్మొచ్చా? పత్రికల్లో దొరకని చిన్న సరుకుకు ఇంకే ఆధారం వెతకాలి?

ముద్ర_లేబుల్ రాసిన జవాబు

"మా చరిత్ర" పేజీని చరిత్రగా కాదు, ప్రకటనగా చదివించండి. అందులో ఏది చెప్పారు, ఏది వదిలేశారు అన్నదే పాఠం. రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో వ్యవస్థాపకుడి కష్టం ఉంటుంది, మూతపడిన బ్రాంచీలు, ఆగిపోయిన సరుకులు ఉండవు. అవి వాడొద్దని కాదు, పాత ఫొటోలు, ఏజెంట్ల పట్టికలు, అప్పటి చిరునామాలు వాటిలోనే దొరుకుతాయి. ప్రతి మాట పక్కన ఇది ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చెప్పారు అని రాయిస్తే చాలు.

లేబుల్ మీది సంవత్సరం దేనిదో అడగాలి. మొదటి దుకాణం పెట్టిందా, ఈ పేరుతో సరుకు మొదలైందా, కంపెనీగా రిజిస్టరైందా? అమృతాంజనం 1893 నాటిది, కానీ లిమిటెడ్ కంపెనీ అయింది 1936లో. రెండు తేదీలూ నిజమే, రెండు వేర్వేరు సంఘటనలవి. పిల్లలు ఒకటి తప్పనుకుని కొట్టేస్తారు.

ట్రేడ్‌మార్క్ రికార్డు మంచి ఆధారం. మన దేశంలో ట్రేడ్‌మార్క్ చట్టం 1940లో వచ్చింది, 1942 నుంచి అమలు. దానికి ముందు ముద్ర నాదే అని చెప్పుకోవాలంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద డిక్లరేషన్ రిజిస్టర్ చేయించుకునేవారు, పత్రికలో హెచ్చరిక ప్రకటన వేసేవారు. 1940కి ముందు నుంచే ఉన్న సరుకైతే ఆ హెచ్చరిక ప్రకటన కోసం పత్రికల్లో వెతకండి. ముద్ర బొమ్మ, యజమాని పేరు, చిరునామా ఒకేచోట దొరికే అవకాశం ఉంది.

ట్రేడ్‌మార్క్ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అందులో "వాడుక తేదీ" అని ఒక గడి ఉంటుంది. జాగ్రత్త: అది దరఖాస్తుదారు తాను చెప్పుకున్న తేదీ. దరఖాస్తు వేసిన తేదీ మాత్రమే శాఖ వేసినది. పట్టికలో ఈ రెండింటికీ వేర్వేరు నిలువు గడులు పెట్టండి.

తేదీ లేని లేబుల్, రేకు బోర్డు, డబ్బా దొరికితే కాలం కట్టడానికి కొన్ని గుర్తులు. ధర అణాల్లో ఉంటే 1957కు ముందుది, లేదా ఆ తర్వాత కొద్దికాలం పాత లేబులే వాడినది. "న.పై." అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. 6 అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. చిరునామాలో చెన్నై అని ఉంటే దాదాపుగా 1996 తర్వాతది, చెన్నపురి, మద్రాసు అని ఉంటే అంతకుముందుది. ఒక్క గుర్తుతో తేల్చొద్దు, కనీసం రెండు కలవాలి. పాత అచ్చు దిమ్మెనే తర్వాత కూడా వాడుకునేవారు కనుక చిరునామా ఒక్కటే మోసం చేస్తుంది. అమృతాంజనం మద్రాసుకు మారిన ఏడు తెలుసు కదా అని బొంబాయి చిరునామా ఉన్న ప్రతిదాన్నీ 1914కు ముందు వేయకండి, అక్కడ శాఖ ఉండొచ్చు.

బట్టల బేళ్ల టికెట్లు దొరికితే వదలకండి. మాంచెస్టర్ నుంచి వచ్చే తానుల మీద దేవుళ్లు, ఏనుగులు, రాజుల రంగుల బొమ్మలు అంటించేవారు. అక్షరం రాని కొనుగోలుదారు బొమ్మ చూసి ఆ తానును గుర్తుపట్టాలి. 1889 మర్చండైజ్ మార్క్స్ చట్టంతో తాను మీద గజాల సంఖ్య అచ్చు వేయడం తప్పనిసరి అయింది. ఎవరు కొంటారు, దేన్ని చూసి గుర్తుపడతారు అని ఇంత లోతుగా ఆలోచించిన పని కూడా పటం లెక్కలో ఉత్పత్తి దశలోదే.

చిట్టా_ఆవర్జా

ఒకటి కలుపుతాను. ప్రకటన చూసి అమ్మకం ఎంతో చెప్పలేం. అందుకు చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) కావాలి, కనీసం కంపెనీ వార్షిక నివేదికలు కావాలి. పాత నివేదికల లాభనష్టాల పట్టికలో ప్రకటనల ఖర్చు విడిగా ఉంటే దాన్ని అమ్మకాలతో భాగించి శాతం వేయించండి. చూసుకోవాల్సింది ఏమిటంటే, కొన్ని ఏళ్లు ఆ గడిలో ప్రకటనలు ఒక్కటే ఉంటాయి, కొన్ని ఏళ్లు డీలరు కమీషన్, ఉచిత శాంపిళ్లు కూడా అందులోనే కలిపేస్తారు. శాతం ఒక్కసారి రెట్టింపైతే ప్రచారం పెరిగిందని రాసేముందు గడి పేరు మారిందేమో చూడమనండి. కుటుంబ వ్యాపారాల ఆవర్జాల్లో దుకాణదారుకు ఉచితంగా ఇచ్చిన సీసాలు ప్రకటన కింద కాక సరుకు నష్టం కింద పడి ఉంటాయి. ఆ గడి వెతక్కపోతే శాంపిళ్ల ఖర్చు అసలు కనబడదు.

ప్రాజెక్టు చివర "ఏ దశ" అని అడగకండి. ఒక్కో సరుకుకు నాలుగు గడులు ఇవ్వండి: దుకాణానికి ఎలా చేరింది, ధర ఎవరు నిర్ణయించారు, కొనేవాడు దేన్ని చూసి గుర్తుపట్టాడు, ఏ చట్టం అడ్డుపడింది లేదా దారిచ్చింది. నాలుగింటికీ ఆధారం తేదీతో, పేజీతో సహా రాస్తేనే మార్కులు వేయండి.